మూడు మార్కులూ నావే

నిన్న ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఉన్నచోటే నిలబడిపోయాను. అవతల మాట్లాడింది మా పెదనాన్న. "నీ రెండో మార్కు నా చేతిలో ఉందమ్మాయ్. రేపు పదింటికి మీ నాన్నని వెంటబెట్టుకుని ఆఫీసుకి రా" అని టక్కున పెట్టేశాడు. పెట్టేశారు అనాలి, పెద్దవాళ్ళు కాబట్టి. కానీ ఎదురుగా ఉంటే తప్ప ఆయనకి మర్యాద ఇవ్వబుద్ధి కావడం లేదు నాకు.

సంగతేమిటో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. కాలేజీలో చేరాలంటే మేం రాయాల్సిన పరీక్ష ఒకటి ఉంది. పదహారు వందల మార్కులకి. ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు. పెదనాన్నది కోచింగ్ సెంటర్. అక్కడ పిల్లలు చేరగానే పాఠం చెప్పకముందే ఒకసారి రాయిస్తారు. పాఠాలయ్యాక మళ్ళీ రాయిస్తారు. 'చూశారా, మా దగ్గర చదివితే ఎంత పెరిగిందో' అని చెప్పుకోవడానికి. నాకు పాఠం చెప్పకముందు పదకొండు వందల ఎనభై వచ్చాయి. ఎనిమిది నెలలు పాఠం చెప్పాక వెయ్యి తొంభై వచ్చాయి. అవును, తగ్గాయి. దాంతో సెంటర్ మానేసి, ఇంట్లో కూర్చుని చదివి, నా సొంత ఈమెయిల్‌తో వేరే ఖాతా తెరిచి మూడోసారి రాశాను. పద్నాలుగు వందల పది వచ్చాయి.

మామూలుగా కాలేజీలు 'మీకు నచ్చిన మార్కు పంపండి' అంటాయి. నేను మనసు పడ్డ కొండమీద కాలేజీ మాత్రం 'రాసినవన్నీ పంపండి, ఏదీ దాచలేదని సంతకం పెట్టండి' అంటుంది. కొలత పరికరాల ఇంజినీరింగ్ చెప్పే కాలేజీ మాకు దగ్గర్లో అదొక్కటే. దరఖాస్తు గడువు ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకి ముగుస్తుంది.

మూడో మార్కు నా ఖాతాలో ఉంది. మొదటి రెండూ సెంటర్ తెరిచిన ఖాతాలో ఉన్నాయి. దాని పాస్‌వర్డ్ నాకు తెలియదు. అక్కడ పిల్లలందరి ఖాతాలూ ఆఫీసు ఈమెయిల్‌తోనే తెరుస్తారు. 'పిల్లలు కదండీ, పాస్‌వర్డులు మర్చిపోతారు' అని పెదనాన్న తల్లిదండ్రులకి నచ్చజెప్తాడు. అన్నీ ఒక ఎర్రట్ట రిజిస్టరులో రాసి ఉంటాయి. మూడోది ఒక్కటే పంపి సంతకం పెట్టేస్తే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. అబద్ధమెందుకు, పెట్టేయబోయాను. అది ఎలా పసిగట్టాడో ఏమో, పెదనాన్న ఫోను చేశాడు.

ఇదీ నిన్నటిదాకా జరిగింది.

*

పదింటికి ఐదు నిమిషాల ముందే సెంటర్ మెట్లెక్కాం. కింద కళ్ళద్దాల షాపు, పైన రెండంతస్తులూ పెదనాన్నవే. మెట్ల గోడ నిండా పోస్టర్లు. ఏడాదికొకరు చొప్పున నవ్వుతున్న పిల్లలు, ఒక్కొక్కరి గడ్డం కింద ఒక్కో అంకె. ప్రతి మలుపులోనూ పెదనాన్న నిలువెత్తు బొమ్మ, చేతులు కట్టుకుని.

నాన్న భుజాన తూనికరాళ్ళ సంచీ ఉంది. మా నాన్న కాటాలు బాగుచేస్తాడు. కిరాణా కొట్టు కాటా నుంచి లారీలు తూచే కాటా దాకా ఏదైనా సరే ముల్లు ఎక్కడ మొరాయిస్తోందో చెయ్యి పెట్టి చెప్పేస్తాడు. ఇక్కణ్ణుంచి సరాసరి పళ్ళ మార్కెట్‌కి పోవాలి కాబట్టి సంచీ వెంట తెచ్చుకున్నాడు. చేతిలో అంత పనితనం ఉన్న మనిషికి, అన్నగారి ముందుకొచ్చేసరికి మాత్రం నోట్లో నాలుక ఉండదు.

రెండో అంతస్తు మలుపులో ఆగి, సంచీ కిందపెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, నువ్వేం మాట్లాడకు. ఆయన చెప్పినదానికల్లా తలూపి వచ్చేద్దాం. ముందు సీటు రానీ. తర్వాత సంగతి తర్వాత."

"సరే నాన్నా."

"అట్లా కాదు. నిజంగా సరే అను."

"నిజంగా సరే. నోటికి తాళం వేసుకుంటాను."

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ సీటు నాకు ఎంత కావాలో నాకే తెలుసు. చిన్నప్పటి నుంచి నాన్న పక్కన కూర్చుని రాళ్ళు అందించినదాన్ని. నాన్నకి చేత్తో తెలిసింది ఎందుకలా అవుతుందో లెక్క కట్టి తెలుసుకోవాలని నా కోరిక. దానికోసం ఒక గంటసేపు తలూపితే నా తలేం అరిగిపోదనుకున్నాను.

ఆఫీసు గదిలో ఏసీ కింద బకెట్ పెట్టి ఉంది, అందులోకి నీళ్ళు కారుతున్నాయి. గాజు తలుపుకి సగం దాకా తెల్ల స్టిక్కరు అంటించారు. దాని పైనుంచి క్లాసులోని పిల్లల తలకాయలు కనిపిస్తున్నాయి. పెద్ద బల్ల వెనక తిరిగే కుర్చీలో పెదనాన్న కూర్చున్నాడు. గోడవారగా చిన్న బల్ల దగ్గర అక్క ఉంది.

అక్కంటే పెదనాన్న కూతురు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. సెంటర్లో లెక్కలు చెప్పేది, పేపర్లు దిద్దేది, ఎర్రట్ట రిజిస్టరు రాసేది అన్నీ తనే. నేను అక్కడ చదివినప్పుడు నాకు అర్థమైన కాస్తా తను చెప్పిందే. నన్ను చూసి తల పంకించి మళ్ళీ పేపర్ల మీదికి వంగింది.

"రారా తమ్ముడూ, కూర్చో. ఏమే గడుగ్గాయ్, చిక్కిపోయావేంటి? టీ తెప్పించనా?"

వెన్న పూసినట్టుంది గొంతు. నిన్న ఫోన్లో ఉరిమిన మనిషి ఈయనేనా అనిపించింది. నాన్న కుర్చీ అంచున కూర్చుని, "వద్దన్నయ్యా, ఇప్పుడే తాగొచ్చాం" అన్నాడు. మేమేం తాగలేదు.

పెదనాన్న బల్ల కింద నుంచి ఒక చుట్ట తీసి విప్పాడు. అది పోస్టరు. అందులో ఉన్నది నేనే. స్కూలు గుర్తింపు కార్డులోంచి ఎత్తిన ఫోటో, ఒక కన్ను సగం మూసుకుని ఉంది. పైన 'మా సెంటర్ రత్నం' అని ఎర్రక్షరాలు, కింద 'రివర్స్ మెథడ్ ఘనవిజయం' అని పసుప్పచ్చ అక్షరాలు. నా గడ్డం కింద 1530 అని ఉంది.

నోటి తాళం అక్కడే ఊడింది.

"నాకు వచ్చింది పద్నాలుగు వందల పది కదా పెదనాన్నా. మిగతా నూట ఇరవై ఎక్కడివి?"

చిన్న బల్ల దగ్గర కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"ప్రెస్సువాడి పొరపాటులే. అవన్నీ తర్వాత సర్దుకుంటాయి" అన్నాడు పెదనాన్న, పోస్టరు గబగబా చుట్టేస్తూ. "విను. నువ్వు చెయ్యాల్సినవి రెండే. నీ ఫోటో వేసుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఈ కాగితం మీద సంతకం పెట్టడం ఒకటి. మార్కులు పంపే పని నాకు వదిలెయ్యడం రెండోది. ఏ కాలేజీకి ఏది పంపాలో, ఏది పంపకూడదో పదిహేనేళ్ళ నుంచి చూస్తున్నాను. నీ సొంత ఖాతా జోలికి పోకు. నేను చూసుకుంటా."

"వదలకపోతే?"

"అమ్మా" అన్నాడు నాన్న.

"అడగనీరా. పిల్లకి తెలియాలిగా." పెదనాన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "నువ్వు నీ మూడోది ఒక్కటే పంపి, ఏదీ దాచలేదని సంతకం పెట్టావనుకో. పన్నెండూ ఐదుకి నీ వెయ్యి తొంభై ఇక్కణ్ణుంచి వెళ్తుంది. అబద్ధాలకోరు పిల్ల అని నీ దరఖాస్తు చెత్తబుట్టలో పడేస్తారు. ఒక్క ఏడాదికి కాదు, మళ్ళీ ఎప్పుడూ రానివ్వరు. తమ్ముడి కూతురివని కూడా చూడను."

నవ్వుతూనే అన్నాడు ఇదంతా. సంతకం కాగితం, పెన్నూ బల్ల మీద నా వైపు జరిగాయి. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడు ఆయన ఇంకో మాట అనకుండా ఉండాల్సింది.

"ఎంతైనా ఆ వెయ్యి తొంభై నీ స్వయంకృతమేగా. నేను చెప్పింది చెప్పినట్టు రాసి ఉంటే ఈ తిప్పలుండేవా?"

నా ఒళ్ళు భగ్గున మండింది.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాయబట్టే వెయ్యి తొంభై వచ్చాయి! ఆ రివర్స్ మెథడ్ ఏమిటో వినండి. పేపరు చేతికి రాగానే చివరి ప్రశ్న దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. సులువు ప్రశ్నలన్నీ పరీక్ష పెట్టేవాళ్ళు చివర్లో దాచిపెడతారని పెదనాన్న కనిపెట్టాడు. ఎలా కనిపెట్టాడో ఎవరికీ తెలియదు. పిల్లలు దానికి తోక పద్ధతని పేరు పెట్టారు. చివర్లో ఉన్నవన్నీ కొరకరాని కొయ్యలని హాల్లో కూర్చున్న పది నిమిషాలకే నాకు అర్థమైంది. అయినా పెదనాన్న అంతటివాడు చెప్పాడు కదా అని తోక పట్టుకునే ఈదాను. గంట కొట్టేసరికి, మొదటి పేజీలో చిన్నపిల్లలు కూడా చేసే పదకొండు ప్రశ్నలు ముట్టుకోకుండా మిగిలిపోయాయి. ఇంటికెళ్ళి నాలుగు రోజులు అన్నం సహించలేదు. నా బుర్రలోనే ఏదో లోటుందనుకున్నాను. అమ్మ కూడా అలాగే అనుకుంది పాపం, పైకి అనలేదంతే.

పెన్ను బల్ల మీద పెట్టేశాను.

"మీరు పంపక్కర్లేదు పెదనాన్నా. నేనే పంపుతాను."

"ఏది?"

"వెయ్యి తొంభై. దాంతోపాటు పదకొండు వందల ఎనభై, పద్నాలుగు వందల పది కూడా. మూడూ పంపుతాను. వాళ్ళు అడిగింది అదేగా. మూడు మార్కులూ నావే, నేనెందుకు దాచుకోవాలి?"

నాన్న కుర్చీ కిర్రుమంది. పెదనాన్న పకపకా నవ్వాడు.

"పిచ్చి మొహమా, వెయ్యి తొంభై చూశారంటే నిన్ను గేటు దగ్గరే ఆపేస్తారే."

"ఆపితే ఆపనివ్వండి. దరఖాస్తులో చివర ఖాళీ ఉంది, మీ మార్కుల గురించి ఏమైనా చెప్పుకోవాలంటే రాయమని. అందులో రాస్తాను. మొదటిది ఎవరూ నేర్పకముందు రాసింది. మూడోది నా అంతట నేను నేర్చుకుని రాసింది. మధ్యలోది మా పెదనాన్న నేర్పిన పద్ధతిలో తోక నుంచి రాసింది. ఎవరిది తప్పో వాళ్ళే తేల్చుకుంటారు."

గాజు తలుపు అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఎప్పుడు చేరారో ఏమో, స్టిక్కరు పైన వరసగా డజను తలకాయలున్నాయి. పెదనాన్న మొహం మాడిపోయింది.

"నోరు ముయ్! పోనీలే ఆడపిల్ల, సొంతపిల్ల అని ఊరుకుంటుంటే కళ్ళు నెత్తికెక్కాయా? ఎలా పంపుతావో చూస్తా. ఆ ఖాతా పాస్‌వర్డ్ నా దగ్గరుంది."

"ఖాతా నా పేరు మీద ఉంది. పాస్‌వర్డ్ ఇవ్వండి."

"ఇవ్వను. ఏం చేసుకుంటావో చేసుకో. ఏరా, నీ కూతురికి ఇదేనా నువ్వు నేర్పిన మర్యాద? లే. తీసుకుపో దీన్ని."

నాన్న లేచాడు. ఎప్పుడూ అంతే, ఆయన లెమ్మంటే లేస్తాడు, కూర్చోమంటే కూర్చుంటాడు. అయిపోయింది, నా కొండమీద కాలేజీ మెట్లు దిగి వెళ్ళిపోతోందనుకున్నాను. ఈ మనిషి ముందు ఏడిస్తే ఒట్టు అని పళ్ళు బిగబట్టాను.

నాన్న తలుపు వైపు వెళ్ళలేదు. సంచీ ఎత్తి పెదనాన్న బల్ల మీద, సరిగ్గా ఆ పోస్టరు చుట్ట మీద పెట్టాడు. ఇరవై కిలోల బరువు. చుట్ట అప్పచ్చి అయిపోయింది.

"అన్నయ్యా, నేను కాటా పరీక్ష చేసినప్పుడు ఒకే రాయి మూడుసార్లు పెడతాను. మూడుసార్లు ఏం చూపిస్తే ఆ మూడూ చీటీ మీద రాస్తాను. 'బాగున్నదొక్కటే రాయండి, మిగతావెందుకు' అని ప్రతి కొట్టువాడూ బతిమాలతాడు. ఇన్నేళ్ళలో ఎవడికీ అలా రాసివ్వలేదు. నా కూతురు సంగతి వచ్చేసరికి మెట్ల మీద దాన్ని నోరు మూసుకోమన్నాను. సిగ్గుగా ఉంది నాకు."

"ఏంట్రా నువ్వు కూడా..."

"పాస్‌వర్డ్ ఇవ్వు అన్నయ్యా. అదేం నీ సొత్తు కాదు."

మా నాన్న! ఈ మాటలన్నది మా నాన్నే! అమ్మ ఇక్కడ ఉండి చూస్తే ఎంత బాగుండేది. తమ్ముడితో పని కాదని పెదనాన్న చిన్న బల్ల వైపు తిరిగాడు.

"ఆ రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వెయ్యమ్మా."

అక్క లేచింది. ఎర్రట్ట రిజిస్టరు తీసుకుంది. బీరువా తెరిచి, లోపల పెట్టి, తాళం వేసి, తాళంచెవి తెచ్చి వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. తర్వాత నా వైపు తిరిగి, పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు నా పాస్‌వర్డ్ మొత్తం పైకి చదివేసింది. చూడకుండానే! చివర ఉన్న రెండు నక్షత్రం గుర్తులతో సహా.

"ఏయ్!" పెదనాన్న అదిరిపడి లేచాడు.

కుర్చీ ఖాళీ అయింది. ఇంకెవరైనా అయితే కాసేపు ఆలోచించేవాళ్ళేమో. నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆ తిరిగే కుర్చీలో కూర్చున్నాను. ఆయన కంప్యూటర్ నా ముందే ఉంది. ఆయన నా వైపు ఒక అడుగు వేసేసరికి నాన్న అడ్డంగా నిలబడ్డాడు. కొట్లాటేం జరగలేదు. సంచీకి ఒక వైపు అన్న, ఒక వైపు తమ్ముడు నిలబడ్డారంతే.

గోడ గడియారం పదకొండు కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది.

ఈమెయిల్ కొట్టాను. పాస్‌వర్డ్ కొట్టాను. తొందరలో ఒకసారి తప్పు పడింది. అక్క నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. ఈసారి తెరుచుకుంది. పైన నా పేరు, నా పుట్టినతేదీ. 'మార్కులు పంపండి' అని ఉన్నచోట నొక్కాను. 'ఏవి పంపాలి' అని అడిగింది. 'అన్నీ' నొక్కాను. కాలేజీల జాబితాలో కొండమీద కాలేజీని ఎంచుకున్నాను.

"పదకొండు వందల ఎనభై" అని పైకే చదివాను, అందరికీ వినబడేలాగా. "వెయ్యి తొంభై."

చదవడం ఆపేశాను. అక్కడ రెండు వరసలుండాలి. మూడున్నాయి.

మూడో వరసలో పదిహేను వందల ముప్ఫై అని ఉంది.

"ఇదేంటి?" అన్నాను. పక్కనున్న తేదీ చదివాను. పోయిన నెల మొదటి ఆదివారం.

"పోయిన నెల మొదటి ఆదివారం అమ్మాయి నాతోనే ఉంది" అన్నాడు నాన్న, వెనక్కి తిరిగి తెరకేసి చూస్తూ. "కూరగాయల మార్కెట్లో కాటాలన్నీ పరీక్ష చేసిన రోజది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాళ్ళు అందించింది."

అవును. ఆ రోజు నా చూపుడు వేలు ఐదు కిలోల రాయి కింద పడి నలిగింది. గోరు ఇంకా నల్లగానే ఉంది. ఆ వేలితోనే మూడో వరస మీద నొక్కాను. పరీక్ష హాలుకి పట్టుకెళ్ళే ప్రవేశపత్రం తెర మీద విచ్చుకుంది.

పేరు నాది. పుట్టినతేదీ నాది. తండ్రి పేరు రాయాల్సిన చోట మా నాన్న పేరు ఉంది. ఫోటోలో మాత్రం అక్క ఉంది.

చూడగానే తెలియదు. మా ఇద్దరిదీ నాయనమ్మ పోలిక. చుట్టాలు కూడా ఒకరనుకుని ఒకర్ని పిలుస్తుంటారు. జడ నాలాగా పక్కకి వేసుకుంది. కానీ ఆ కళ్ళు అక్కవే, ఎనిమిది నెలలు ఎదురుగా కూర్చుని పాఠం విన్నదాన్ని, నాకు తెలియదూ?

"అందుకా" అన్నాను. "అందుకా మార్కులు పంపే పని మీకు వదిలెయ్యమన్నది? నా పేరు మీద ఇది పంపుదామనా?"

పెదనాన్న చెమట తుడుచుకున్నాడు. అంతలోనే తేరుకున్నాడు, ఆ మనిషిని మెచ్చుకోవాలి.

"పంపితే నీకు నష్టమేంటే? పదిహేను వందల ముప్ఫై! ఆ మార్కు చూస్తే కొండమీద కాలేజీ వాళ్ళే ఎదురొచ్చి తీసుకెళ్తారు. నువ్వు సెంటర్ మానేశావని, మార్కులు తగ్గాయని ఊరంతా కూసింది. ఆర్నెల్లలో సగం మంది పిల్లలు వెళ్ళిపోయారు. నా పరువు నిలబడాలి, నీకు సీటు రావాలి. అందరికీ మంచే కదా! ఇప్పటికీ మించిపోయింది లేదు. ఆ ఒక్కటీ పంపెయ్. మిగతా రెండింటి సంగతి నేను మర్చిపోతాను, నువ్వూ మర్చిపో."

నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం ఆ అంకె వైపు ఆశగా చూశాను. పదిహేను వందల ముప్ఫై. నా పేరు పక్కన ఎంత బాగుందో. నొక్కేస్తే చాలు, కొండ మీదికి దారి తెరుచుకుంటుంది.

తర్వాత, నేను ఆ కాలేజీకి వెళ్ళాలనుకున్నది తప్పుడు కాటాని పట్టుకోవడం నేర్చుకోవడానికని గుర్తొచ్చి, నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇది నాది కాదు. పంపను" అన్నాను.

పేజీ అడుగున ఒక గడి ఉంది. 'పై పరీక్షలన్నీ నేనే రాశాను' అని దానికి టిక్కు పెడితేగానీ ఏదీ కదలదు. దాని కింద చిన్నక్షరాల్లో ఇంకో వరస ఉంది. 'ఇందులో నేను రాయని పరీక్ష ఉంది.' దాని మీద నొక్కాను. ఒక ఫారం వచ్చింది. ఏ పరీక్ష అని అడిగితే మూడో వరస చూపించాను. ఆ రోజు మీరెక్కడున్నారు అంటే, కూరగాయల మార్కెట్లో మా నాన్నతో అని కొట్టాను. గబగబా కొట్టేస్తున్నాను. ఆఖరి ప్రశ్న దగ్గరికొచ్చి ఆగిపోయాను.

'మీ బదులు రాసినవారు ఎవరో తెలిస్తే, వారి పేరు.'

పెదనాన్న మీద కోపంలో అక్క సంగతే ఆలోచించలేదు నేను. ఈ గడి నింపితే అక్క పని ఏమవుతుంది? నింపకుండా పంపితే? ఫోటో ఉందిగా, వాళ్ళు ఎలాగూ పట్టుకుంటారు.

తలెత్తి చూశాను. అక్క నా కుర్చీ పక్కనే నిలబడి ఉంది. తన కళ్ళు ఫారం మీద లేవు. ఆ అంకె మీద ఉన్నాయి.

"ఎందుకు రాశావే అక్కా?" అన్నాను. అడగడం కాదు, అరిచాను. "నీకేం పట్టింది? ఈయన నూతిలో దూకమంటే దూకుతావా?"

"ఈయన చెప్పాడని రాయలేదు" అంది అక్క. "నాలుగేళ్ళ క్రితం నేనూ ఈ పరీక్ష రాశానుగా. మార్కులు బాగా తక్కువొచ్చాయమ్మా, పంపి పరువు తీసుకోవడమెందుకు, మన సెంటర్లోనే పాఠాలు చెప్పుకో అన్నాడు నాన్న. నమ్మాను. పోయిన ఏడాది రిజిస్టరు తిరగరాస్తుంటే నా పాత పాస్‌వర్డ్ కనబడింది. తెరిచి చూశాను."

"ఎన్ని?" అన్నాడు నాన్న.

"పద్నాలుగు వందల ఎనభై, బాబాయ్. ఏ కాలేజీకీ పంపలేదు. ఒక్కదానికి కూడా."

పెదనాన్న ఏదో అనబోయాడు. అక్క ఆయన వైపు చూడను కూడా లేదు.

"మొన్న దీని పేరు మీద రాయమన్నప్పుడు సరేనన్నాను. నాకు ఇప్పటికీ వచ్చా, మర్చిపోయానా, అది తెలుసుకోవాలనుకున్నాను బాబాయ్. హాల్లో కూర్చున్న ఆ మూడు గంటలూ ఎంత హాయిగా ఉందో చెప్పలేను. బయటికొచ్చాక తెలిసింది ఏం చేశానో."

"అయితే ఆ గడి ఖాళీగా వదిలేస్తాను" అన్నాను. "నాకు తెలియదని రాస్తాను."

"వదలొద్దు. నా పేరు రాయి."

"అక్కా, నీ మీద కేసవుతుందే!"

"అవనీ. పాఠాలు చెప్పనివ్వరు, మళ్ళీ ఏ పరీక్షా రాయనివ్వరు, అంతేగా. ఇప్పుడు మాత్రం ఎవరు రాయనిస్తున్నారు?"

"వద్దు!" అన్నారు నాన్న, పెదనాన్న ఇద్దరూ ఒక్కసారే. నాకు తెలిసి ఆ అన్నదమ్ములిద్దరూ ఒకే మాట అనడం అదే మొదటిసారి. పెదనాన్న సంచీని తోసుకుని కంప్యూటర్ వైపు రాబోయాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు గానీ, కళ్ళు మాత్రం అక్కని బతిమాలుతున్నాయి.

ఇంతసేపూ నోటికొచ్చినట్టు మాట్లాడిన నాకు ఒక్క అక్షరం కొట్టడం చేతకాలేదు.

అక్క కీబోర్డు నా ముందు నుంచి తన వైపు లాక్కుంది.

"నువ్వు లే. ఈ మార్కు పక్కన నా పేరు ఒక్కసారైనా ఉండనీ" అని, నిలబడే తన పేరు కొట్టడం మొదలుపెట్టింది.